మసిగుడ్డకు మూలం "మాసిన గుడ్డ" కాదు

వేడి గిన్నెలు దించడానికి వంటింట్లో వాడే బట్టను మసిగుడ్డ అని ఎందుకంటారు, "మాసిన గుడ్డ" అన్నదే వాడుకలో అలా మారిందా అని మీరు అడిగారు. కాదు. చిన్నతనంలో నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇందులోని మొదటి మాట మసి. కట్టెలు మండేటప్పుడు గిన్నె అడుగున, లాంతరు చిమ్నీ లోపల పట్టే నల్లని పొడి అది. "మాసిన" అన్నది "మాయు" అనే క్రియ నుంచి వచ్చిన రూపం. దాని దీర్ఘం పోయి ఇక్కడ హ్రస్వం కావడానికి కారణమేదీ లేదు. "మసిపూసి మారేడుకాయ చేయడం" అన్నప్పుడు ఆ మసిని ఎవరూ మురికి అనుకోరు కదా. కన్నడంలో దీన్నే మసిబట్టె అంటారు, తమిళంలో కరిత్తుణి అంటారు. కరి అన్నా నలుపు, బొగ్గు అనే అర్థాలే. మన దగ్గర మసిబట్ట అనేవారూ ఉన్నారు. దోమతెర అంటే దోమలను ఆపే తెర అయినట్లే, మసిగుడ్డ అంటే చేతికి మసి అంటకుండా కాపాడే గుడ్డ.

ఈ సంగతి నాకు నిఘంటువు చూసి కాక మా అమ్మమ్మ వంట చూసి తెలిసింది. ఆమె కట్టెల పొయ్యి మీద ఇత్తడి గిన్నెలో అన్నం వండేది. తోమేటప్పుడు మసి తేలికగా వదలాలని గిన్నె అడుగుకు ముందే తడి బూడిద పూసేది. అయినా పొయ్యి మీద నుంచి దించేసరికి పక్కలన్నీ నల్లబడి ఉండేవి. అన్నం ఉడికాక గిన్నె మీద సిబ్బి పెట్టి, రెండు పక్కలా మసిగుడ్డతో గట్టిగా అదిమి పట్టుకొని వంచి గంజి వార్చేది. ఆ గుడ్డ ఎప్పుడూ పాత నేత చీర ముక్కే, ఎందుకంటే నైలాను బట్ట వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. పళ్లెం తుడిచే బట్ట వేరు, మసిగుడ్డ వేరు. రెండింటినీ కలిపితే ఆమె ఊరుకునేది కాదు. మసిగుడ్డను రోజూ సాయంత్రం ఉతికి దండెం మీద ఆరవేసేది. రోజూ ఉతికే ఆ బట్టను మాసిన గుడ్డ అనడం ఆమెకు అన్యాయం చేయడమేనని నాకు అనిపిస్తుంది.

ఒకసారి నేను తడి ఆరని మసిగుడ్డతో పాలగిన్నె దించబోయి వేళ్లు కాల్చుకున్నాను. పొడి నూలు బట్ట పోగుల మధ్య గాలి నిలిచి ఉండి వేడిని త్వరగా చేతికి చేరనివ్వదు. తడిస్తే ఆ చోటును నీరు ఆక్రమిస్తుంది, నీరు గాలి కంటే సుమారు 24 రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఉతకడంతో సరిపోదు, పూర్తిగా ఆరాలి అని అమ్మమ్మ ఎందుకు అనేదో నాకు ఆ రోజు తెలిసింది.

మరి మీకు వచ్చిన సందేహం ఎక్కడ పుట్టి ఉంటుంది? పిల్లల బట్టలు బాగా మురికైతే "చొక్కా మసిగుడ్డలా చేశావు" అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలై వంటగ్యాసు ఎన్నో పల్లెలకు చేరాక గిన్నెలకు మసి పట్టడం తగ్గింది, అసలు మసినే చూడని పిల్లలకు ఆ పోలికలో మురికి ఒక్కటే మిగిలింది. పేరు మాత్రం పోలేదు. గ్యాసు పొయ్యి పక్కన మా ఇంట్లో ఇప్పుడు వేలాడుతున్నది కూడా పాత నేత చీర ముక్కే, దాన్ని మేము మసిగుడ్డ అనే పిలుస్తాము.