148 ఓట్లు సరే, ఇరవయ్యో అధికరణం చూశారా?

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నాను. సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్యాన్ని కాపాడాలని 2005లో యునెస్కోలో ఒప్పందం జరిగింది. దక్షిణ కొరియా కూడా ఓటేసింది. మరుసటి ఏడాదే ఆ దేశం అమెరికాతో వాణిజ్య చర్చల కోసం సొంత సినిమాల కోటాను సగానికి తగ్గించుకుంది. ఒప్పందం ఎందుకు ఆపలేకపోయింది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ప్రశ్న నాకెంతో నచ్చింది. నేను లా కాలేజీలో పాఠం చెప్పిన రోజుల్లో పిల్లలు ఓట్ల లెక్క గడగడా అప్పజెప్పేవారు. అనుకూలం 148, వ్యతిరేకం 2 (అమెరికా, ఇజ్రాయెల్), తటస్థం 4. కానీ 2005 అక్టోబరు 20న పారిస్‌లో జరిగింది ఓటింగ్ మాత్రమే. అసలు పెనుగులాట అంతకుముందే, దక్షిణాఫ్రికా నాయకుడు కాదర్ అస్మల్ అధ్యక్షతన సాగిన చర్చల్లో అయిపోయింది.

ఈ కథకు కెనడాలో ఒక మూలం ఉంది. పత్రికకు రాసేవాణ్ణి కనుక ఆ కేసు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అమెరికా పత్రికలు తమ సంచికనే కాస్త మార్చి, కెనడా వ్యాపారుల ప్రకటనలు నింపి అక్కడ అమ్మేవి. వ్యాసాల ఖర్చు సొంత దేశంలోనే రాబట్టుకున్నాయి కాబట్టి ప్రకటనలు చవగ్గా వేయగలవు. ప్రకటనలు పోతే స్థానిక పత్రిక ఏం తిని బతకాలి? అందుకే కెనడా అలాంటి సంచికల్లోని ప్రకటనల విలువ మీద 80 శాతం పన్ను వేసింది. 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ అది చెల్లదని తేల్చింది. సంస్కృతికి వాణిజ్య సంస్థ బయట ఒక చట్టం ఉండాలని కెనడా, ఫ్రాన్స్ పట్టుబట్టడం వెనుక ఇలాంటి దెబ్బలున్నాయి.

ఆ చట్టం మిగతా ఒప్పందాలకు లోబడాలా, వద్దా? దీనికి జవాబే ఇరవయ్యో అధికరణం. మొదటి పేరా ఈ ఒప్పందం వేరే దేనికీ లోబడదంటుంది. రెండో పేరా, ఇతర ఒప్పందాల కింద దేశాలకున్న హక్కులు, బాధ్యతలు దీనివల్ల మారవంటుంది. రెండింటినీ బోర్డు మీద పక్కపక్కన రాసి ఏది నెగ్గుతుందని అడిగితే క్లాసు రెండుగా చీలిపోయేది. నా మటుకు నాకు, 148 ఓట్లు పడ్డది ఈ రెండు పేరాలూ పక్కపక్కనే ఉన్నందువల్లే. ఎవరికి కావలసిన పేరా వాళ్లు చదువుకున్నారు.

ఇక కొరియా. థియేటర్లు ఏడాదికి 146 రోజులు సొంత సినిమాలు ఆడాలన్న నియమాన్ని 2006 జులై నుంచి 73 రోజులు చేశారు. నటుడు చోయ్ మిన్-సిక్ ప్రభుత్వమిచ్చిన పతకాన్ని వెనక్కిచ్చేశారు. ఒప్పందం అమల్లోకి వచ్చింది 2007 మార్చి 18న. కొరియా ధ్రువీకరించింది 2010లో. అప్పటికే అమల్లో ఉన్నా ఆపగలిగేది కాదు. కోటా పెట్టుకునే హక్కు దేశానికి ఉందని ఆరో అధికరణం గుర్తిస్తుందే తప్ప, పెట్టి తీరాలని ఎక్కడా లేదు. ఆ హక్కును బేరంలో వదులుకున్నది సియోల్ ప్రభుత్వం. కొరియా సినిమా వాళ్లు వీధిలోకి వచ్చింది సొంత ప్రభుత్వం మీదే, అది న్యాయం కూడా.

మన దేశం 2006 డిసెంబరులోనే ఇందులో చేరింది. పరీక్షలో దీన్ని 2003 నాటి అమూర్త వారసత్వ ఒప్పందంతో కలిపేయకండి. అది పరంపరగా వచ్చిన కళలను కాపాడేది, ఇది ఇవాళ తయారయ్యే పుస్తకం, పాట, సినిమా గురించి.