హార్లిక్స్, బోర్న్‌విటాలను నిషేధించారా? పిల్లలకు ఇవ్వొచ్చా?

నిషేధించలేదండీ. వాట్సాప్‌లో తిరుగుతున్నది సగం నిజమే. 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ), తర్వాత కేంద్ర వాణిజ్య శాఖ ఒక మాట చెప్పాయి: ఇలాంటి పొడులను 'హెల్త్ డ్రింక్స్' కింద చూపించొద్దని. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో అసలు అలాంటి రకమే లేదు. ఆ నెలలోనే హార్లిక్స్ కంపెనీ వాళ్లు ఆ విభాగం పేరు 'ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్' అని మార్చుకున్నారు. దుకాణాల్లో అమ్మకం మామూలే.

నన్నడిగితే ఈ పేరు మార్పు కంటే 2023 గొడవతోనే ఎక్కువ మేలు జరిగింది. బోర్న్‌విటాలో చక్కెర గురించి సోషల్ మీడియాలో ఆహార లేబుళ్ల మీద వీడియోలు చేసే రేవంత్ హిమత్‌సింగ్‌కా పెట్టిన వీడియో, కంపెనీ లీగల్ నోటీసు పంపాక తీసేయాల్సి వచ్చింది. అయినా ఏడాది తిరక్కుండానే 100 గ్రాములకు 37.4 గ్రాములున్న అదనపు చక్కెర 32.2కు దిగింది.

మా ఇంట్లోనూ ఈ డబ్బా ఉండేది. బ్రాండ్ ఏదైతేనేం. ముందువైపు ఎదుగుదల గురించి పెద్ద అక్షరాలు, పక్కన చిన్న నక్షత్రం గుర్తు (*). ఆ గుర్తు వివరం వెనకాల ఎక్కడో, ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే తప్ప కనిపించనంత చిన్నగా: 'సమతుల ఆహారంలో భాగంగా తీసుకుంటే' అని. అంటే పప్పు, గుడ్డు, కూర అన్నీ తింటేనేగా! మా అత్తయ్యేమో అందులో ఇంకో చెంచా పంచదార కలిపేది, "లేకపోతే వాడు తాగడే" అని.

లేబుల్ మీద మీరు చూడాల్సింది 'యాడెడ్ షుగర్' (అదనపు చక్కెర) వరుస. ఒక్క సర్వింగ్ లెక్క చూసి తక్కువే అనుకోకండి, 100 గ్రాముల లెక్క చూడండి. పైన చెప్పిన 32.2 ప్రకారం 20 గ్రాముల పొడి వేస్తే ఆరు గ్రాములు దాటుతుంది, అంటే చెంచాన్నర. రోజుకు రెండు గ్లాసులంటే లెక్కేసుకోండి. పాలు ఊరికే తాగే పిల్లలకైతే ఇది అక్కర్లేదనే నా అభిప్రాయం. అస్సలు తాగనివాళ్లకు అర చెంచా వేసి ఇస్తే కొంపలేం మునగవు.

బరువు పెరగడం లేదని టెన్షన్ పడుతుంటే డబ్బా మార్చకుండా పిల్లల డాక్టర్ దగ్గర ఎత్తు, బరువు చార్ట్ వేయించండి. లేబుల్ మీద మరీ అతిగా రాసి ఉంటే ఫోటో తీసి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.