తడిసిన తోలు చొక్కా

ప్రశ్న: నాటకంలో అమెరికా కొండల్లో బీవరు అనే నీటి జంతువును బొచ్చు కోసం పట్టే వేటగాడి వేషానికి మేకతోలు చొక్కా కుట్టించాం. జంతువు మెదడు పూసి మెత్తబరిచిన తోలే. వానకు తడిసి, ఆరాక అట్టలా బిగుసుకుంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పొగ పట్టించలేదు, అదీ లోపం. మెదడులోని కొవ్వు తోలు పోగుల్ని విడివిడిగా ఉంచుతుందంతే. తడిస్తే మళ్లీ అతుక్కుంటాయి. పొగలోని ఆల్డిహైడ్లనే రసాయనాలే వాటిని అలా నిలిపేది.

కుట్లు విప్పి నానబెట్టండి. వెంట్రుకల వైపు పైపొర మిగిలి ఉంటే గీకేయండి, లేకపోతే మెదడు లోపలికి దిగదు. గోరువెచ్చని నీళ్లలో కలిపిన మెదడు పట్టించి, పిండి, పూర్తిగా ఆరేదాకా లాగుతూనే ఉండాలి. మధ్యలో వదిలిన చోటల్లా గట్టిపడుతుంది. తిరిగి కుట్టి మెడ, చేతులు కట్టేస్తే చొక్కానే సంచి. కింద పుచ్చుకట్టె పొగ పెట్టండి. మంట లేచిందా, తోలు ముడుచుకుపోయినట్టే!

పొగ పట్టినా తడి పూర్తిగా ఆగదు. 1820, 30లలో వాగుల్లో దిగే వేటగాళ్లు అందుకే తోలు లాగుల్ని మోకాలి కింద కోసేసి కంబళి గుడ్డ అతికించుకునేవారు.