కేకు కోశామా, కట్ చేశామా?

ప్రశ్న: ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి మా బడిలో కేకు తెప్పించాం. బోర్డు మీద ‘11 గంటలకు కేక్ కటింగ్’ అని రాశాను. ‘తెలుగు భాషా దినోత్సవం నాడు ఇదేం రాతమ్మా?’ అని హెడ్మాస్టరు గారు అనేసరికి చెరిపేసి ‘కేకు కోత’ అని రాశాను. అది చూసి పిల్లలే కాదు, తోటి టీచర్లూ నవ్వారు. మర్నాడు ఆరో తరగతి పిల్లాడొకడు వ్యాసంలో ‘అందరం కేకలు తిన్నాం’ అని రాశాడు. కేకుకి అసలు తెలుగు మాట ఉందా? లేకపోతే ఎలా వాడాలి? పంటల కరపత్రాల్లో కనిపించే ‘వేప కేకు’ సరైనదేనా? – ఒక ఉపాధ్యాయిని, ఆమదాలవలస

సమాధానం: ముందు ఆ పిల్లాడి వాక్యం చూద్దామమ్మా. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. తెలుగువాళ్ళం అన్నమే కాదు, తిట్లు తింటాం, చీవాట్లు తింటాం, దెబ్బలు తింటాం. మన వైపు కేక అంటే పిలుపు కూడా. ‘వెళ్ళేటప్పుడు ఓ కేకెయ్యి’ అంటే అరవమని కాదు, పిలవమని. అదే ‘కేకలేశాడు’ అంటే మాత్రం కోప్పడ్డాడని అర్థం. కాబట్టి ‘అందరం కేకలు తిన్నాం’ అని చదివినవాళ్ళు, గిడుగు వారి జయంతి నాడు మీరు తరగతి మొత్తానికి చీవాట్లు పెట్టారనుకుంటారు. అంతే తేడా.

ఆ తేడాకి కారణం ఒక్క అచ్చు. కేక బహువచనం కేకలు, కేకు బహువచనం కేకులు. గబగబా మాట్లాడేటప్పుడు మధ్యలో ఉన్న హ్రస్వాచ్చు నలిగిపోతుంది. చెవికి రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. పిల్లాడు విన్నదాన్ని విన్నట్టు రాశాడు. ఇక కుర్రాళ్ళు ‘సినిమా కేక’ అంటున్నారు కదా, అది కేకు కాదు, అరుపు కేకే. చూసినవాళ్ళ చేత కేకలు వేయించేంత బాగుందన్న చోట పుట్టిన వాడుక అని నా ఊహ.

కేక్ అని హలంతంగా రాయాలా, కేకు అని రాయాలా? నేను రెండోదే రాస్తాను. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. బయటి నుంచి వచ్చిన మాటకు మనం చివర ఒక ఉకారం తగిలించి మన పంక్తిలో కూర్చోబెట్టుకుంటాం. ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లుని ఒత్తుతాం కూడా: బస్సు, కప్పు, పెన్ను. పొడుగుదైతే ఒత్తం: గేటు, కోటు, రైలు, కేకు. రోడ్డు మాత్రం ఈ లెక్కకి లొంగలేదు. రోడ్లు ఎప్పుడు లెక్కకి లొంగాయి గనక! ఉకారం చేరాక విభక్తులు వాటంతటవే వస్తాయి: కేకుని, కేకుకి, కేకులో. హలంతంగా రాస్తే ‘కేక్‌ని’, ‘కేక్‌కి’ అంటూ ప్రతిసారీ అతుకు వేయాలి.

మరి ‘కేకు కోత’ అంటే ఎందుకు నవ్వారు? ‘కేకు కోశాం’ అంటే ఎవరూ నవ్వరు కదా. ఇక్కడ కొంచెం ఆగాలి. కోయు అనే క్రియ అన్నిటికీ పనికొస్తుంది. మామిడికాయ కోస్తాం, కూర కోస్తాం, వరి కోస్తాం. కాని దాని నుంచి పుట్టిన ‘కోత’ అనే నామవాచకం కొన్ని చోట్ల గట్టిగా పాతుకుపోయింది. వరి కోత, కరెంటు కోత, జీతంలో కోత, గుండె కోత. అన్నిటికంటే ఘోరమైనది కడుపుకోత, బిడ్డను పోగొట్టుకున్న తల్లి బాధ. పుట్టినరోజు పూట ఆ మాట చెవిన పడితే ముందు మనసు ఉలిక్కిపడుతుంది, ఆ తర్వాతే నవ్వొస్తుంది. క్రియ నప్పినంత మాత్రాన దాని నామవాచకం కూడా నప్పాలని లేదు. కాబట్టి ‘కేకు కోత’ వద్దు, ‘కేకు కోయడం’ అనండి, లేదా క్రియతోనే వాక్యం పూర్తి చేయండి.

‘కట్ చేయడం’ మీద నాకు పెద్ద పగ లేదు. ఫోన్ కట్ చేశాడంటే కట్ చేశాడనే అనాలి, ఫోన్ కోసేవాళ్ళు ఎవరూ లేరు. కాని పత్రికల్లో కేకూ కట్ చేస్తారు, రిబ్బనూ కట్ చేస్తారు, చెట్టూ కట్ చేస్తారు. మనకు కత్తితో కోయడం, కత్తెరతో కత్తిరించడం, కత్తిపీట మీద తరగడం, గొడ్డలితో నరకడం, వేళ్ళతో తుంచడం, గోటితో గిల్లడం ఇలా పనిముట్టుకో క్రియ ఉంది. ఏ పనిముట్టు పట్టుకున్నారో చెప్పకుండానే తెలిసిపోయే భాష మనది. ఒక్క ‘కట్’ కోసం ఇన్నిటినీ వదులుకోవడం నాకు గిట్టదు.

ఇక అసలు ప్రశ్న: కేకుకి తెలుగు మాట ఉందా? ఇంగ్లీషు వాళ్ళకి కూడా అది అరువు మాటే. స్కాండినేవియా వాళ్ళ పాత నార్స్ భాషలోని ‘కాకా’ నుంచి వాళ్ళకి వచ్చింది. అప్పట్లో దానికి క్రీమూ లేదు, కొవ్వొత్తీ లేదు. రెండు వైపులా కాల్చిన చిన్న గుండ్రటి, చదునైన రొట్టె. అందుకే ఇంగ్లీషు బైబిల్లో సారెపతు అనే ఊరి విధవరాలిని ఏలీయా ప్రవక్త ‘చిన్న కేకు’ అడిగిన చోట తెలుగు అనువాదకులు ‘చిన్న అప్పము’ అని రాశారు. సరిగ్గా ఆ కాలపు అర్థాన్నే పట్టుకున్నారు. సి.పి. బ్రౌన్ తన నిఘంటువులో మన గారెనీ బూరెనీ కూడా ఒక రకం కేకు అనే పరిచయం చేశాడు. ఆయన వైపు నుంచి చూస్తే అది సబబే. గారె తినని తెల్లవాడికి అంతకంటే ఎలా చెబుతాం?

కాని వాళ్ళకి ఆ మాటలో రుచి కంటే ఆకారం ముఖ్యమైపోయింది. చదునుగా, గట్టిగా, ముద్దగా అచ్చుకట్టినదల్లా కేకే. సబ్బూ కేకే, నీళ్ళ రంగూ కేకే, ఎండిన పేడా కేకే, గానుగలో నూనె పిండాక మిగిలినదీ కేకే. చెప్పుకి అంటుకుని ఎండిన బురదను చెప్పడానికి దాన్నే క్రియగా కూడా మార్చేశారు. మనం ఆ పని వేరేగా చేశాం. సబ్బు బిళ్ళ, రంగు బిళ్ళ, కర్పూరం బిళ్ళ. బెల్లమైతే అచ్చు, లేదా దిమ్మ. పేడ పిడక. బురద పెళ్ళ కడుతుంది, జుట్టు అట్ట కడుతుంది, నెయ్యి గడ్డ కడుతుంది. ఈ మధ్య ఆన్‌లైన్‌లో ‘ఆవు పేడ కేకు’ అని అమ్ముతున్నారని ఒకాయన చూపించారు. భోగి ముందు రోజుల్లో మన పిల్లలు దండ గుచ్చేవి అవే! ‘పిడక’ అనడానికి సిగ్గెందుకో నాకు బోధపడలేదు.

అరువు మాట ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వచ్చేటప్పుడు సామాను మొత్తం మోసుకురాదు. ఒక్క సంచితో వస్తుంది. గ్లాసు చూడండి. అక్కడ దానికి మొదటి అర్థం గాజు. ఇక్కడ నీళ్ళు తాగే పాత్ర, అందుకే మనం హాయిగా ‘స్టీలు గ్లాసు’ అంటాం. రైలు అక్కడ పట్టా, ఇక్కడ పట్టాల మీద నడిచే బండి. అలాగే కేకు మన దగ్గరికి ఒకే అర్థంతో వచ్చింది: బేకరీలో దొరికే ఆ మెత్తటి తీపి వస్తువు. దానికి కొత్తగా తెలుగు పేరు కట్టనక్కర్లేదు. వస్తువూ పేరూ కలిసే వచ్చాయి, జనం నోట కలిసే నలిగాయి. గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట మీకు దూరమేమీ కాదు. జనం నోట ఉన్న మాటను రాతలోకి రానివ్వమని జీవితమంతా పోరాడిన మనిషి జయంతికి ‘కేకు’ అని రాస్తే అపచారమేమీ జరగదు.

కాని ఆ ఒక్క సంచితో వచ్చిన మాటకి మిగతా అర్థాలు మనం అంటగట్టకూడదు. ‘వేప కేకు’లో జరిగిన తప్పు అదే. రైతు నోట అది వేపపిండి. అలాగే కానుగ పిండి, ఆముదం పిండి, వేరుశనగ చెక్క. నువ్వులదైతే తెలగపిండి. నూనె గానుగ ఆడించే వాళ్ళని తెలికలు అంటారు. ‘తెలికపిండి’ అన్న రూపంలో ఆ పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఈ పిండి విషయంలో ఇంగ్లీషుకి లేని లెక్క ఒకటి మనకుంది. వాళ్ళకది పశువుల మేత, పొలానికి ఎరువు. మనకి కూర కూడా. మా అమ్మమ్మ బాలింత ఉన్న ఇంటికి వెళ్తే ముందు అడిగే ప్రశ్న ‘తెలగపిండి, మునగాకు వండారా?’ అనే. పాలు పడతాయని ఆవిడ నమ్మకం. దీన్ని ‘నువ్వుల కేకు కూర’ అని రాసి చూడండి, కొవ్వొత్తి వెలిగించాలా పోపు పెట్టాలా అని చదివేవాళ్ళకి అనుమానమొస్తుంది.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కూడా కాదు. తెలగపిండి, వేరుశనగ చెక్క పశువుకి పెట్టేవి. ఆముదం పిండి నేలకి వేసేది. అందులో రిసిన్ అనే విషం ఉంటుంది, శుద్ధి చేయకుండా పశువు తింటే ప్రాణం మీదికొస్తుంది. అన్నిటినీ కేకు అనేస్తే ఏది దాణాయో ఏది ఎరువో తెలిసేదెలా?

చెక్కకీ ఒక చిక్కుందని ఒప్పుకోవాలి. అది కలప, అది దాల్చిన చెక్క, అది పండక్కి వేయించుకునే పప్పు చెక్క. కొబ్బరి తోటల సీమ ఉద్దానం వెళ్ళి కొబ్బరి చెక్క అడిగితే కొట్టిన కాయలో సగం చేతికిస్తారు. నూనె తీశాక మిగిలింది కావాలంటే ‘గానుగ చెక్క’ అని విడమరచాలి. ఇంగ్లీషు కేకుకి మన భాషలో నిజమైన తోబుట్టువు ఎవరని అడిగితే నేను చెక్కనే చూపిస్తాను. తినేదీ అదే, తినిపించేదీ అదే.

జాతీయాల గురించి మీరు అడగలేదు గాని, ఒక మాట చెప్పకుండా ఉండలేను. ‘టికెట్లు హాట్ కేకుల్లా అమ్ముడుపోయాయి’ అని రోజూ చదువుతున్నాం. అక్కడి హాట్ కేకులు పెనం మీంచి తీసిన అట్లు, మన బేకరీ కేకులు కావు. మన బేకరీ కేకు చల్లగానే ఉంటుంది, అమ్ముడుపోవడానికి తొందరపడదు. ‘టికెట్లు ఎగరేసుకుపోయారు’ అంటే చాలు. ‘ఈ ఎన్నిక కేక్‌వాక్ కాదు’ అన్నది ఇంకొకటి. అది అమెరికాలోని నల్లవాళ్ళ నాట్యం, బాగా నడిచిన జంటకు కేకు బహుమానం. మనకు నల్లేరు మీద బండి నడక ఉంది. విచిత్రంగా అక్కడా నడకే, ఇక్కడా నడకే. కేకు దాచుకోవడమూ తినడమూ రెండూ కుదరవని వాళ్ళంటారు. మనకు ‘అవ్వా కావాలి, బువ్వా కావాలి’ ఉండనే ఉంది.

వచ్చే ఏడాది బోర్డు మీద ‘11 గంటలకు కేకు కోస్తాం, అందరూ రండి’ అని రాయండి. ఆ పిల్లాడి వ్యాసంలో రెండో ‘క’కి కొమ్ము ఇచ్చి తిరిగిచ్చేయండి. మార్కు మాత్రం కోయకండి.