లైన్ నంబర్లు తిరగబడ్డాయని రాశావు కదా

అమ్మలూ,

ఆశీస్సులు. ఫైళ్ళు దిద్దే ఎడిటర్ విమ్ తెరిస్తే ఎడమ పక్కన 3, 2, 1, 42, 1, 2, 3 అని కనిపిస్తోందనీ, ఫైలు పాడైందేమోనని భయంగా ఉందనీ రాశావు. ఫైలుకేమీ కాలేదు. ఆ అంకెలు ఫైల్లో ఉండవు, ఎడిటర్ అప్పటికప్పుడు లెక్కపెట్టి చూపిస్తుంది. అందుకని దేన్నీ చెరపకు.

నీకు కనిపిస్తున్నవి రెలటివ్ నంబర్లు. కర్సర్ ఉన్న లైనుకి అసలు నంబరు వేసి, మిగతావి అక్కడి నుంచి ఎంత దూరమో చెబుతాయి. 2010లో విమ్ 7.3తో వచ్చాయి. అప్పట్లో కర్సర్ లైను దగ్గర సున్నా ఉండేది. 2013లో 7.4 వచ్చాక, మామూలు నంబర్లు కూడా ఆన్ చేసి ఉంటే అక్కడ అసలు నంబరే కనబడుతోంది. అలవాటైతే హాయిగా ఉంటుంది: ఏడు లైన్లు దిగాలంటే 7 కొట్టి జె నొక్కితే చాలు. వద్దనుకుంటే కోలన్ కొట్టి 'సెట్ నోరెలటివ్‌నంబర్' అను.

రేపు తెరిస్తే మళ్ళీ వచ్చేస్తాయి, ఎందుకంటే ఏదో ఒక సెట్టింగుల ఫైలో, ప్లగినో (విమ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) వాటిని పెడుతోంది. కోలన్ కొట్టి 'వెర్బోస్ సెట్ రెలటివ్‌నంబర్?' అని అడుగు. చివర ప్రశ్నార్థకం మర్చిపోతే ఆన్ చేసినట్టవుతుంది, జాగ్రత్త. ఆఖరిసారి ఏ ఫైలు దాన్ని మార్చిందో అదే చెబుతుంది. ఈ ఒక్క మాట తెలియక నేను గంటలు గంటలు వెతికాను. రెండు కిటికీలు తెరిచినప్పుడు ఒకదాంట్లోనే నంబర్లుంటే కంగారు పడకు, ఈ సెట్టింగు ఏ కిటికీకి ఆ కిటికీదే.

అసలు హెచ్చరిక ఇప్పుడు చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, 18వ లైన్లో తప్పుందని ఎర్రర్ వస్తే, ఎడమ పక్కన 18 కనబడిన లైను తీసేశాను. అది కర్సర్ నుంచి పద్ధెనిమిదోది. ఆ తప్పు సరిదిద్దేసరికి తెల్లారింది. అందుకే కంటితో వెతకొద్దు. కోలన్ కొట్టి 18 అని ఎంటర్ నొక్కు. పక్కన ఏ అంకెలు కనబడుతున్నా సరే, సరిగ్గా 18వ లైనుకే వెళ్తావు.

కొన్ని లైన్ల పక్కన అసలు నంబరే లేదన్నావు. అవి వేరే లైన్లు కావు, పొడవాటి లైనే మడతపడి కిందికి దిగింది. 'సెట్ నోర్యాప్' అంటే తెలిసిపోతుంది. మామూలు నంబర్లున్నప్పుడు 12 తర్వాత ఒక్కసారిగా 31 వస్తే మధ్యవి ఫోల్డులో, అంటే ముడుచుకున్న లైన్లలో, దాక్కున్నాయి, జెడ్ తర్వాత పెద్ద ఆర్ నొక్కితే అన్నీ విచ్చుకుంటాయి. లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండు ఒక లైను తక్కువ చూపిస్తే చివరి లైను తర్వాత ఎంటర్ లేదేమో చూడు, అది లెక్కపెట్టేది ఎంటర్లనే.

నువ్వు తెలుగు వాక్యాలున్న ఫైళ్ళు దిద్దుతావు కాబట్టి ఇంకొకటి. 'కల' అని రాసి ల మీద కర్సర్ పెడితే కింద 4-2 అని కనబడుతుంది. అక్షరాల్ని కంప్యూటర్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో క ఒక్కటే 3 బైట్లు. మొదటి అంకె బైట్ల లెక్క, రెండోది తెర మీద చోటు. అదీ తప్పు కాదమ్మా.

వెర్బోస్ ఏం చెప్పిందో నాకు పంపు. అర్థం కాకపోతే రాత్రి పదిలోపు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య