అటెన్‌బరో ఇంటిపేరు ఎక్కడిది? ఆ పేరున్నవాళ్ళంతా చుట్టాలేనా?

మీ ప్రశ్న ఇదీ: లండన్ టీమ్‌లో పనిచేసే ఒకాయన ఇంటిపేరు అటెన్‌బరో. గాంధీ మీద సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరోకి మీరేమవుతారని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అసలు ఈ పేరు ఎక్కడిది, బ్రిటన్‌లో ఎక్కడెక్కడ ఉంది, ఆ పేరున్న వాళ్ళంతా ఒకే కుటుంబమా?

నేను నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో ఉంటాను. డెర్బీ వైపు వెళ్ళే లోకల్ రైలు ఎక్కితే మా తర్వాత వచ్చే స్టేషనే అటెన్‌బరో. అంటే అది ముందు ఒక ఊరు, తర్వాతే ఇంటిపేరు. ఆ పేరున్నవాళ్ళలో చాలామంది దూరపు చుట్టాలే అయ్యే అవకాశం గట్టిగా ఉంది. అయితే ఆ దూరం ఐదారు వందల ఏళ్ళు. మీ కొలీగ్ నవ్వి ఊరుకున్నాడంటే తప్పులేదు.

ఊరు సంగతి కొంచెం చెప్తాను. ట్రెంట్ నది ఒడ్డున, నాటింగ్‌హామ్‌కి నైరుతి దిక్కున ఉంటుంది. పాత చర్చి, దాని పక్కనే ఒక పాత ఇల్లు. 17వ శతాబ్దంలో రాజు మీద తిరగబడిన ఆలివర్ క్రామ్‌వెల్‌కి అల్లుడైన సేనాని హెన్రీ ఐర్టన్ 1611లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇప్పుడు జనం ఎక్కువగా వచ్చేది పక్షుల కోసం. కంకర తవ్వేసిన గోతుల్లో నీళ్ళు నిండి పెద్ద చెరువుల్లా మారితే, వాటిని అభయారణ్యంగా చేశారు. 1966లో దాన్ని ప్రారంభించింది రిచర్డ్ తమ్ముడు, టీవీలో ప్రకృతి కార్యక్రమాలతో పేరుపొందిన డేవిడ్ అటెన్‌బరో. దాంతో బయటినుంచి వచ్చేవాళ్ళలో చాలామంది ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టారనుకుంటారు. మా వాళ్ళు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తే వాళ్ళూ అదే అన్నారు. నిజానికి ఊరు ఆయనకంటే కనీసం ఎనిమిది వందల ఏళ్ళు పెద్దది.

ఇప్పుడు అసలు తిరకాసు. అటెన్‌బరోలో అటెన్‌బరోలు ఉంటారని వెళ్తే నిరాశే. చర్చిలో తలుపు తీసి కూర్చునే ఒక పెద్దావిడను అడిగాను. "ఊళ్ళో ఉన్నవాణ్ణి ఊరి పేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికుంటుంది? స్టేపుల్‌ఫర్డ్ వైపు వెతుక్కోండి" అంది. ఇంగ్లండ్‌లో ఊళ్ళ మీద పుట్టిన ఇంటిపేర్లన్నింటికీ సూత్రం ఇదే. మనిషి ఊరు వదిలి పక్క ఊరికి వెళ్ళాక, అక్కడివాళ్ళు "ఫలానా ఊరి జాన్" అంటారు. అది అతని పిల్లలకు అంటుకుంటుంది. మనకిదేం కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం గారి పూర్వీకులు కందుకూరు వదిలి రాజమండ్రి చేరారు కాబట్టే వాళ్ళు కందుకూరి వారయ్యారు, కందుకూరులోనే ఉండిపోయి ఉంటే ఆ పేరు వచ్చేదే కాదు. కాబట్టి ఇలాంటి పేరుకి మూలం వెతికేటప్పుడు ఆ ఊళ్ళోనే కాదు, దాని చుట్టూ పది ఇరవై మైళ్ళ మేర వెతకాలి. మధ్యయుగంలో మామూలు కుటుంబాలు పని కోసం వెళ్ళే దూరం చాలావరకు అంతే.

ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు తరం నుంచి తరానికి నిలవడం 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచాక పెద్ద భూస్వాములతో మొదలైంది. మామూలు రైతుల దాకా దిగడానికి దక్షిణాన సుమారు 1350 దాకా పట్టింది, ఉత్తరాన ఇంకా ఆలస్యం. మధ్యలో 1348-49లో ప్లేగు వచ్చి ఊళ్ళకి ఊళ్ళనే తుడిచిపెట్టింది. అప్పుడప్పుడే కుదురుకుంటున్న పేర్లు ఎన్నో అక్కడే ఆగిపోయాయి. కొన్ని పేర్లు ఇంత అరుదుగా ఉండడానికి అదొక కారణం.

ఈ పేరు అర్థం మీద రెండు వాదాలున్నాయి. ఇంటిపేర్ల నిఘంటువులు చూస్తే కొన్నిచోట్ల "కోట దగ్గర ఉండేవాడు" అని ఉంటుంది. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో "అట్టెన్" అంటే "దగ్గర" అన్నట్టు. చివరి "న" అంటుకుని నాష్, నోక్స్ లాంటి పేర్లు అలా పుట్టినవే, "ఆష్ చెట్టు దగ్గరివాడు", "ఓక్ చెట్ల దగ్గరివాడు" అని. వినడానికి బాగానే ఉంది. కానీ నాటింగ్‌హామ్‌షైర్ ఊరికి 12వ శతాబ్దపు పత్రాల్లో ఉన్న రూపం "అడిన్‌బర్క" లాంటిది. అందులో "అట్టెన్" లేదు. "అడ్డ" అనే పేరున్న సాక్సన్ (నార్మన్లకు ముందు నుంచీ ఇంగ్లండ్‌లో ఉన్న జాతి) మనిషికి చెందిన కోట అని స్థలనామాల పండితులు చెప్తారు. "డ" కాలక్రమంలో "ట" అయింది.

మరి ఇంటిపేరు ఊరి నుంచి వచ్చిందా, లేక ఇంగ్లండ్‌లో ఏ కోట పక్కన కాపురమున్నవాడికైనా వచ్చిందా? దీన్ని నిఘంటువు తేల్చలేదు, మ్యాప్ తేలుస్తుంది. కోట దగ్గర ఉండేవాడని పిలిస్తే ఆ పేరు దేశంలో పాతిక చోట్ల విడివిడిగా పుట్టాలి. కెంట్‌లో కొందరు, నార్ఫోక్‌లో కొందరు, డెవన్‌లో కొందరు కనబడాలి. ఒక ఊరి నుంచి వచ్చిందైతే ఒకేచోట గుంపుగా ఉండాలి.

దీనికి అందరూ వాడేది 1881 జనాభా లెక్కలు. ఇంగ్లండ్, వేల్స్‌లో రెండున్నర కోట్లకు పైగా మనుషుల పేర్లు, వయసు, పుట్టిన ఊరుతో సహా వాలంటీర్లు మొత్తం ఎక్కించారు. ఉచితంగా వెతుక్కోవచ్చు. మా లైబ్రరీలో వంశవృక్షాలు వెతుక్కునే ముసలాళ్ళ బృందం ఒకటుంది. "నీకు ఎక్సెల్ వచ్చుగా" అని నన్ను కూర్చోబెట్టారు, అలా నాకూ ఈ పిచ్చి అంటుకుంది. అటెన్‌బరో పేరు కొట్టి, వాళ్ళు నివసించే ఊరు కాకుండా పుట్టిన ఊరు ప్రకారం గుర్తులు పెడుతూ వెళ్తే, గుంపంతా నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ సరిహద్దులోనే పడింది. పుట్టిన ఊరు చూడడం ముఖ్యం. 1881 నాటికే గనులు, లేసు మిల్లులు, రైళ్ళు జనాన్ని పట్నాలకు ఈడ్చుకుపోయాయి. నివాసం మాత్రమే చూస్తే ప్రతి ఇంటిపేరూ లండన్‌దో మాంచెస్టర్‌దో అనిపిస్తుంది.

లండన్‌లో కూడా చిన్న గుంపు కనిపిస్తుంది. అక్కడ కంగారు పడనక్కర్లేదు. 19వ శతాబ్దంలో లండన్‌లో పేరుమోసిన తాకట్టు వ్యాపారులు అటెన్‌బరోలు. ఫ్లీట్ స్ట్రీట్‌లో ఛాన్సరీ లేన్ మూల మీద వాళ్ళ దుకాణం భవనం ఇప్పటికీ ఉంది. వ్యాపారం బాగా నడిచిన కుటుంబంలో కొడుకులు, అన్నదమ్ముల పిల్లలు తలా ఒక షాపు పెట్టుకుంటారు కదా, రెండు తరాల్లో అది మ్యాప్ మీద సొంత చుక్కలాగా మారిపోతుంది. అరుదైన పేరుకి రెండో కేంద్రం కనిపిస్తే రెండో మూలం అనుకునే ముందు ఇలాంటి కుటుంబం ఏదైనా ఉందేమో చూడాలి.

1881 నుంచి వెనక్కి వెళ్ళాలంటే 1837 దాకా ప్రభుత్వ జనన మరణాల రికార్డులు, అంతకుముందు చర్చి రిజిస్టర్లు. వీటిని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో మొదలుపెట్టించాడు. నాటింగ్‌హామ్‌షైర్‌వి చాలావరకు నాటింగ్‌హామ్‌లోని జిల్లా ఆర్కైవ్స్‌లో మైక్రోఫిల్మ్ మీద ఉంటాయి. వీలునామాలు కావాలంటే మాత్రం యార్క్‌లో కూడా వెతకాలి, ఎందుకంటే 1837 దాకా ఈ జిల్లా చర్చి పాలన యార్క్ కిందే ఉండేది. ఇది తెలియక చాలామంది "మా వాళ్ళు వీలునామా రాయలేదు" అని వదిలేస్తారు.

రిజిస్టర్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది స్పెల్లింగ్. ఒక పాత పేజీలో పెళ్ళి నమోదు దగ్గర పేరు చివర ఓ-డబ్ల్యూ అని రాసుంది, కొన్నేళ్ళ తర్వాత అదే జంట బిడ్డ బాప్టిజం దగ్గర ఓ-యూ-జీ-హెచ్ అని ఉంది. మధ్యలో ఇంకో బిడ్డకి "బరో" తీసేసి "బ్రో" చేశారు. చేతిరాతలు వేరు, సిరా రంగు వేరు, చర్చి ఫాదర్ మారినట్టున్నాడు. బిడ్డ తండ్రికి చదువు రాదు, అతను పలికింది రాసేవాడు విన్నట్టు రాసుకున్నాడు. మీ కొలీగ్ పేరు వెతికితే అటెన్‌బరో, అటెన్‌బారో, అటెన్‌బ్రో మూడూ కలిపి వెతకండి, లేకపోతే సగం కుటుంబం జారిపోతుంది.

ఇక చుట్టరికం మాట. దీనికి డీఎన్‌ఏ పరీక్షే జరిగింది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే శాస్త్రవేత్తలు 40 బ్రిటిష్ ఇంటిపేర్లు తీసుకుని, ఆ పేర్లున్న 1,678 మంది మగవాళ్ళ వై క్రోమోజోములు పోల్చి 2009లో ఫలితాలు ప్రకటించారు. వై క్రోమోజోమ్ ఇంటిపేరు లాగే తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది. స్మిత్ లాంటి పేరు తీసుకుంటే ఇద్దరు స్మిత్‌లకీ దారినపోయే ఇద్దరికీ తేడా లేదు, ఊరికో కమ్మరి ఉన్నాడు కాబట్టి. అటెన్‌బరో దగ్గరికొచ్చేసరికి 70 శాతానికి పైగా మగవాళ్ళవి ఒకటే, లేదా దాదాపు ఒకటే. అంటే వాళ్ళంతా ఎప్పుడో ఒకే ఒక్క మూలపురుషుడి సంతానం. లాంకషైర్ వైపు స్విండిల్‌హర్స్ట్ అనే పేరుదీ ఇదే కథ.

మ్యాప్ చెప్పిందీ, రక్తం చెప్పిందీ ఒకటే అయింది కాబట్టి "కోట దగ్గరివాడు" వాదాన్ని నేను పక్కన పెట్టేశాను. అయితే ఊరు వదిలింది ఒక్కడే అని దీనికి అర్థం కాదు. నలుగురైదుగురు వదిలి ఉండొచ్చు, ఆ పేరు నలుగురికీ వచ్చి ఉండొచ్చు. ఇరవై తరాల్లో ఒకరికి ఆడపిల్లలే, ఒకరికి పిల్లలే లేరు, ఒకరి కొడుకులు ప్లేగులో పోయారు. చివరికి ఒక్కడి వంశం మిగిలి విస్తరిస్తే మనకు అందరూ వాడి సంతానంలాగే కనిపిస్తారు. మిగతా 30 శాతం లోపు మంది సంగతేంటంటే, దత్తతలు, తల్లి ఇంటిపేరు పెట్టుకున్న పిల్లలు, బయటికి చెప్పుకోని కథలు. ఏ పెద్ద కుటుంబంలో లేవు?

రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో పుట్టింది 1887లో స్టేపుల్‌ఫర్డ్‌లో. చర్చి పెద్దావిడ చెప్పిన ఊరే అది, అటెన్‌బరోకి కొద్ది మైళ్ళ దూరం. అన్ని వందల ఏళ్ళలో ఆ పేరు అంత దూరమే నడిచింది. ఆ తర్వాత చదువు అందుకుని ఒక్క తరంలో దేశమంతా తిరిగింది. రిచర్డ్ కేంబ్రిడ్జ్‌లో పుట్టారు, డేవిడ్ లండన్ శివారు ఐజిల్‌వర్త్‌లో పుట్టారు, పెరిగింది లెస్టర్‌లో. 1932 నుంచి 1951 దాకా లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపల్ ఈ ఫ్రెడరిక్ గారే. ఆ కాలేజీయే తర్వాత విశ్వవిద్యాలయమై, అర్ధశతాబ్దం తర్వాత ఆయన ఇంటిపేరు మీదే డీఎన్‌ఏ పరీక్ష చేసింది.

మీ కొలీగ్‌కి ఆసక్తి ఉంటే తాతగారి తండ్రి పుట్టిన ఊరు ఒక్కటి కనుక్కోమనండి. నాటింగ్‌హామ్, డెర్బీ, ఇల్కెస్టన్ చుట్టుపక్కల తేలితే పని సగం అయినట్టే. మగ్గుల మీద, ఫ్రేముల్లో "అటెన్‌బరో వంశ చిహ్నం" అమ్మే వెబ్‌సైట్లకు మాత్రం డబ్బు తగలేయొద్దనండి. ఇంగ్లండ్‌లో అలాంటి చిహ్నం ఇచ్చేది మనిషికి, అది అతని వారసులకు దక్కుతుంది. ఇంటిపేరు మొత్తానికి చిహ్నం అనేదే లేదు.

ఇదే పద్ధతి వేరే పేర్ల మీద ప్రయోగించాలనుకుంటే ఒక్క జాగ్రత్త. వేల్స్ పేర్లకు ఇది పనిచేయదు. అక్కడ చాలా ఊళ్ళలో 18వ శతాబ్దం దాకా తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరు, తరానికోసారి మారేది. జోన్స్, డేవిస్, విలియమ్స్ మ్యాప్ మీద పెడితే వేల్స్ అంతా నిండిపోతుంది తప్ప మూలం దొరకదు. స్కాట్లాండ్ అయితే ప్రభుత్వ రికార్డులు 1855 నుంచే, కానీ వాటిలో పెళ్ళి, మరణం నమోదు దగ్గర కూడా తల్లి పుట్టింటి పేరు రాస్తారు కాబట్టి వెతకడం ఇంగ్లండ్ కంటే తేలిక.