ఆ లెక్కల పుస్తకం ముందు మీ ఆవిడకు చూపించండి

ఉత్తరం: మాది అనంతపురం, వయసు 36. మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో నెలకు 45 వేల ఉద్యోగం మానేసి ఊళ్లో చెక్క గానుగ పెట్టాను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్. పెట్టుబడికి ఆమె నగలు 12 తులాలు బ్యాంకులో పెట్టాం. రెండేళ్లు చేతి డబ్బే పోయింది. ఎనిమిది నెలలుగా ఖర్చులు పోను 20, 22 వేలు మిగులుతున్నాయి. బంధువుల దగ్గరే 60 వేల అరువు ఆగిపోయింది. ఈలోగా తోడల్లుడు ఫ్లాట్ కొన్నాడు, వచ్చే నెల గృహప్రవేశం, అత్తారింట్లో నన్ను చిన్నచూపు చూస్తున్నారు. మార్చిలో వడ్డీ కట్టి గోల్డ్ లోన్ రెన్యువల్ చేయించాను, టెన్షన్ పడుతుందని ఆమెకు చెప్పలేదు. ఎలాగో తెలిసిపోయింది, అప్పటి నుంచి సరిగా మాట్లాడటం లేదు. ఇంకో గానుగ పెట్టాలా, అన్నీ అమ్మేసి ఉద్యోగానికి పోవాలా?

జవాబు: రెండూ వద్దు. మీ ప్రశ్నకు జవాబు ఇంతే.

గానుగ దారిలో పడింది. లీటరు వేరుశనగ నూనెకు రెండున్నర కిలోల పప్పు దాకా పోతుంది, నూనె తీశాక మిగిలే చెక్క అమ్మగా వచ్చింది కలుపుకున్నా కరెంటు, అద్దె, కూలి పోను మిగిలేది కొద్దిగానే. పక్క కొట్లో ప్యాకెట్ నూనె అంతకంటే చాలా చవగ్గా దొరుకుతుంటే, మీ నూనె రుచి మరిగి వెతుక్కుంటూ వచ్చే ఇళ్లు తయారవడానికి రెండేళ్లు పట్టడంలో వింతేముంది? పంట చేతికొచ్చినప్పుడే పప్పు కొని పెట్టుకోవడం, వానలు తప్పిన ఏడు ధర పెరిగినా పాత ఖాతాదారులను వదులుకోకపోవడం, ఇవన్నీ చేతులు కాల్చుకునే నేర్చుకోవాలి. మీరు నేర్చుకున్నారు.

కానీ మీ కష్టాల గురించి అంత చెప్పుకున్న మీరు ఆవిడ ఓపిక గురించి ఒక్క ముక్క రాయలేదేం? ఆ రెండేళ్లూ ఇల్లు గడిచింది ఎవరి జీతంతో? మెడ బోసిగా పెట్టుకుని పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లింది ఎవరు? తోడల్లుడి ఫ్లాట్ మీకు గుచ్చుకుంటోంది, మీ అత్తారింటి ఆడపడుచు ఆవిడ, వాళ్ల మాటలు ఆవిడకు ఇంకెంత గుచ్చుకుంటాయో ఆలోచించారా?

టెన్షన్ పడుతుందని చెప్పలేదన్నారు చూడండి, నాకు కోపం వచ్చింది అక్కడే. నగలు తీసి ఇచ్చినప్పుడు పడని టెన్షన్ రెన్యువల్ అంటే పడుతుందా? ఆవిడకు బాధ అప్పు ఉన్నందుకు కాదు, తన వస్తువు సంగతి తనకే చెప్పకుండా దాచినందుకు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న బంగారం భర్త చేతిలో పెట్టిన మనిషి మీ వ్యాపారంలో భాగస్వామి, కాగితం మీద పేరు లేకపోయినా సరే. మా నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. రాత్రి షట్టర్ దించి వచ్చాక గల్లా డబ్బు అమ్మ ముందు పోసి ఇద్దరూ కలిసి లెక్క చూసుకునేవాళ్లు, బేరం లేని రోజు కూడా. అమ్మ చదివింది ఐదో తరగతే, కానీ ఎవరికి అరువు ఇవ్వకూడదో ముందు పసిగట్టేది అమ్మే.

మీ 60 వేల అరువు సంగతి ఆవిడను అడిగి ఉంటే అంతదాకా వచ్చేది కాదని నా నమ్మకం. మొహమాటం పక్కన పెట్టి మీరే వెళ్లి వసూలు చేయండి, ఆవిడను పంపొద్దు. మిగులుతున్న దాంట్లోంచి నెలకు ఇంత అని గోల్డ్ లోన్ అసలులోకి కట్టండి, ఆ ‘ఇంత’ ఎంతో ఆవిడనే చెప్పమనండి. నగలు ఇంటికి వచ్చేదాకా రెండో గానుగ మాట ఎత్తొద్దు.

ఈ రాత్రే పుస్తకం, బ్యాంకు రసీదులు, అరువు చీటీలు అన్నీ తెచ్చి ఆవిడ ముందు పెట్టండి. ఏమన్నా పడండి, మధ్యలో సర్దిచెప్పుకోవద్దు. గృహప్రవేశానికి వెళ్లాలా వద్దా అనేది కూడా ఆవిడ ఇష్టానికే వదిలేయండి, వెళ్దామంటే పక్కనే ఉండండి, వద్దంటే అత్తగారికి ఫోన్ చేసి రాలేమని మీరే చెప్పండి.